తొలి ఆయిల్ పోర్ట్రెయిట్: మన రంగు మొహాన్ని కాన్వాస్ మీదికి తేవడం ఎలా

పెన్సిల్‌తో మొహాలు ఓ మోస్తరుగా గీయగలిగి, ఆయిల్ రంగులు కొని అలమరలో పెట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ల కోసం ఇది. బొమ్మలు గీయడం అసలే అలవాటు లేకపోతే ముందు కొన్నాళ్లు బొగ్గుతోనో పెన్సిల్‌తోనో తలలు గీయండి. రంగులేసేటప్పుడు పడే అవస్థల్లో సగం నిజానికి గీతలో దొర్లిన తప్పులే, పైన ఎంత రంగు పులిమినా అవి పోవు.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను. పోలిక అనేది కనురెప్పల వెంట్రుకల్లో ఉండదు. రోడ్డుకి అవతలి వైపు నడిచొస్తున్న మేనమామని కళ్లూ ముక్కూ సరిగ్గా కనపడకముందే గుర్తుపట్టేస్తాం, కనుబొమల కింద పడే నీడ, చెంప ఎముక మీద వెలుగు, దవడ తిరిగే తీరు, వీటితోనే. అందుకే ముందు పెద్ద వెలుగు పెద్ద నీడ, తర్వాత రంగు, ఆ తర్వాతే కళ్లూ ముక్కూ, ఆఖర్న వెంట్రుకలూ నగలూ. ఈ వరస తిరగేసి కళ్లతో మొదలుపెట్టినవాళ్ల కాన్వాస్ మీద రెండు అందమైన కళ్లుంటాయి గానీ ఆ మనిషి ఉండడు.

ఎవర్ని వేయాలి, ఏ వెలుగులో

మొదటి బొమ్మకి వయసు మళ్లిన మొహాన్ని ఎంచుకోండి. అమ్మమ్మ గానీ తాతయ్య గానీ కూర్చుంటే ఇంకా మంచిది. ఎముకలూ ముడతలూ కనపడే మొహంలో ఎక్కడ ఏ భాగం ఎటు తిరిగిందో తెలుస్తుంది. పసిపిల్లల నున్నటి చెంపలు చూడ్డానికి తేలిక, వేయడానికి చాలా కష్టం. చాలామంది పోయిన పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ ఫోటో ముందు పెట్టుకుని మొదలుపెడతారు, ప్రేమకొద్దీ. ఎదురుగా ఫ్లాష్ కొట్టిన ఫోటోలో నీడే ఉండదు, నీడ లేకపోతే ముక్కు ఎంత ఎత్తుందో మీరు ఊహించుకోవాల్సిందే. ఆ పని నాలుగైదు పోర్ట్రెయిట్లు అయ్యాక పెట్టుకోండి.

వెలుగు ఒక్క కిటికీ నుంచే రావాలి. ట్యూబ్‌లైట్ ఆపేయండి, రెండో కిటికీ మూసేయండి. కిటికీ కింది సగానికి దుప్పటి కట్టేస్తే వెలుగు కాస్త పైనుంచి, పక్కనుంచి పడుతుంది. ముక్కు నీడ పక్కకి వాలి, నీడలో ఉన్న చెంప మీద చిన్న వెలుగు త్రికోణం మిగిలేదాకా మనిషిని అటూ ఇటూ తిప్పి చూడండి. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మల్లో తరచూ కనిపిస్తుందని ఈ పద్ధతికి ఆయన పేరే పెట్టారు, నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే అనువైన వెలుగు లేదు.

యూరప్ వాళ్ల పాఠాల్లో ఉత్తరపు కిటికీ పెట్టుకోమంటారు, అటునుంచి నేరుగా ఎండ పడదు కాబట్టి. మన దగ్గర అది ఏడాదంతా పనిచేయదు. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు, పొద్దునా సాయంత్రం ఉత్తరపు గోడకి ఎండ తగులుతూనే ఉంటుంది. ఆ నెలల్లో కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టుకుంటే సరి.

గంటల తరబడి ఎవరూ కూర్చోరు కాబట్టి ఫోటో కూడా తీసుకోండి. ఫోన్ మొహం దగ్గర పెట్టి తీస్తే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. ఆరేడు అడుగులు వెనక్కి జరిగి రెండు రెట్లు జూమ్ చేసి, కెమెరాని కళ్ల ఎత్తులో పట్టుకుని తీయండి. బ్యూటీ ఫిల్టర్ తప్పకుండా ఆపేయండి, అది మనకి కావలసినవన్నీ చెరిపేస్తుంది. నీడల్లో ఏముందో తెలియడానికి ఇంకొంచెం ప్రకాశంగా రెండో ఫోటో తీసుకోండి, ఎందుకంటే కెమెరా నీడల్ని నల్లగా మింగేస్తుంది, కన్ను అలా మింగదు. ఆ నీడల రంగు సరిచూసుకోవడానికైనా మధ్యలో ఒకట్రెండుసార్లు మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టుకోండి.

కొనాల్సినవి, కొనకూడనివి

రంగులు ఏడు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, రా అంబర్, కాడ్మియం రెడ్, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామరైన్ బ్లూ. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు తీసుకోండి. అలిజరిన్‌లో పర్మనెంట్ అని రాసున్నది అడగండి, పాత రకం ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. ట్యూబు మీద హ్యూ అని ఉంటే అసలు పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) బదులు వేరేది వాడారని అర్థం. నేర్చుకోవడానికి అది ఫర్వాలేదు, డబ్బు మిగులుతుంది.

స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) నాలుగే రంగులతో మొహాలు వేసేవాడని ప్రసిద్ధి: తెలుపు, ఓకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్. అందులో తెలుపు కలిపిన నలుపే ఎరుపు పక్కన పెట్టేసరికి నీలంగా కనిపిస్తుంది. సాధన కోసం అది మంచి పద్ధతి. కాకపోతే మన గోధుమ, చామనచాయ, నలుపు మొహాలకి బర్న్ట్ సియెన్నా, అల్ట్రామరైన్ జంట చేతిలో ఉంటే పని చాలా తేలికవుతుంది, అందుకే నేను ఏడు చెప్తున్నాను.

ఫ్లెష్ టింట్ అని గులాబీ రంగు ట్యూబు ఒకటి అమ్ముతారు. కొనొద్దు. అది మన మొహాల రంగు కాదు, ఆమాటకొస్తే ఎవరి మొహం రంగూ కాదు.

బ్రష్‌లు: ఫిల్బర్ట్ ఆకారంలో (చదునుగా, కొన గుండ్రంగా) హాగ్ హెయిర్, అంటే పంది వెంట్రుకల బ్రష్‌లు 4, 6, 8 నంబర్లు, మెత్తటి సింథటిక్ రౌండ్ బ్రష్ ఒకటి. వీలైతే 6వ నంబరు రెండు కొనండి, ఒకటి వెలుగుకి, ఒకటి నీడకి. ఒకే బ్రష్‌తో రెండూ వేస్తే బొమ్మంతా బురదవుతుంది. ఇంకా ప్యాలెట్ నైఫ్, లిన్‌సీడ్ ఆయిల్, ఆర్ట్ షాపులో దొరికే టర్పెంటైన్, పాత కాటన్ గుడ్డలు. గుడ్డలు ఎన్నున్నా సరిపోవు. హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్, పెయింట్ థిన్నర్, బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ తలుపులకీ కిటికీలకీ రంగేయడానికి పనికొచ్చేవి, వాటిని బొమ్మలోకి రానివ్వకండి.

కాన్వాస్ 12×16 అంగుళాలది తీసుకోండి. తల గడ్డం నుంచి నడినెత్తి దాకా ఏడు, ఏడున్నర అంగుళాలు వస్తే చాలు. మనిషి తల సుమారు తొమ్మిది అంగుళాలు, బొమ్మలో దానికంటే కొంచెం చిన్నగా ఉంటేనే సహజంగా అనిపిస్తుంది. షాపు కాన్వాస్ మీద ప్రైమర్ (రంగుకి ముందు వేసే తెల్ల అడుగుపూత) పలచగా ఉంటే అదే పనికి అమ్మే గెస్సో ఇంకో రెండు పూతలు ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వేసి, ఆరాక సన్నటి శాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్దండి.

గ్రౌండ్ (అడుగు రంగు), గీత

తెల్ల కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ముదురుగా అనిపిస్తుంది, దాంతో భయపడి అన్నీ లేతగా వేసేస్తాం. అందుకని రా అంబర్‌ని టర్పెంటైన్‌లో బాగా పలచన చేసి కాన్వాస్ అంతా పూసి, గుడ్డతో తుడిచేయండి. లేత మట్టిరంగు మిగులుతుంది. అది ఒకట్రెండు రోజుల్లో ఆరిపోతుంది, అంబర్‌లో ఉండే మాంగనీస్ వల్ల ఆ రంగు మిగతావాటికంటే త్వరగా ఆరుతుంది.

గీతకి ముందు కొలతలు. తల ఎత్తులో సరిగ్గా సగం దగ్గర కళ్లు వస్తాయి. కొత్తవాళ్లు దాదాపు అందరూ కళ్లు పైకి పెట్టేసి నుదురు తినేస్తారు. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత జాగా. జుట్టు మొదలయ్యే గీత నుంచి కనుబొమ, కనుబొమ నుంచి ముక్కు కింద, అక్కణ్ణుంచి గడ్డం దాదాపు సమాన భాగాలు. చెవి కనుబొమ నుంచి ముక్కు కింది దాకా. ఇవి సగటు లెక్కలు మాత్రమే. మీ ఎదురుగా ఉన్న మనిషి ఈ లెక్క ఎక్కడ తప్పాడో పట్టుకోవడమే పోలిక. తాతయ్య ముక్కు పొడుగైతే ఆ పొడుగు ఎంతో కొలవండి, బట్టతల ఉంటే జుట్టు గీత లెక్కే ఉండదు.

పల్చటి అంబర్‌తో, చిన్న బ్రష్‌తో, నిటారు గీతలతో తల ఆకారం గీయండి. వంపులన్నీ తర్వాత. నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దాని సరిహద్దు కూడా గీయండి. కంటి గుంట నీడ, ముక్కు పక్క నీడ, పై పెదవి, గడ్డం కింద నీడ, ఇవన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే పెద్ద ఆకారంగా కనిపిస్తాయి. కళ్లు సగం మూసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఈ ఆకారం కుదిరితే సగం పని అయినట్టే. అద్దంలో బొమ్మని తిరగేసి చూడండి, ఒక కన్ను కిందికి జారిపోయి ఉంటే అప్పుడు పట్టుబడుతుంది. తప్పులు దొరికితే గుడ్డకి టర్పెంటైన్ అద్ది తుడిచేయండి, మళ్లీ గీయండి, ఇక్కడ మొహమాటం వద్దు.

అంబర్ దశ

రంగులు తీయకుండా ఒక్క రా అంబర్‌తోనే మొహం మొత్తం తేల్చేద్దాం. నీడ ఆకారాలన్నిటినీ అంబర్‌తో నింపండి, వెలుగు భాగాల్లో రంగుని గుడ్డతో తుడిచి కాన్వాస్ కనపడనివ్వండి. మధ్యరకం భాగాల్ని బ్రష్‌తో కొంచెం కొంచెం ఎత్తేయండి. తెలుపు వాడొద్దు.

నలుపుని 1, తెలుపుని 10 అనుకుంటే, చామనచాయ మొహంలో వెలుగు భాగం సుమారు 5, 6 దగ్గర, నీడ 2, 3 దగ్గర ఉంటుంది. ముక్కు కొన, నుదుటి మీద మెరుపు మాత్రమే 8 దాకా పోతుంది. వెలుగు భాగాన్ని 8కి తీసుకెళ్లిపోతే మెరుపు వేయడానికి జాగా మిగలదు, మనిషి పిండి రాసుకున్నట్టు అయిపోతాడు. ఫోన్‌లో మీ బొమ్మనీ, ఫోటోనీ బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి పక్కపక్కన చూసుకోండి. ఇక్కడ తేడా ఉంటే రంగు దశలోకి వెళ్లకండి. పూర్తయ్యాక రెండు మూడు రోజులు ఆరనివ్వండి.

రంగు: ప్యాలెట్ మీద ముందే కలిపేసుకోండి

బ్రష్ పట్టుకోకముందే ప్యాలెట్ నైఫ్‌తో కనీసం ఐదు కుప్పలు కలపండి. అరగంట పడుతుంది, పడనివ్వండి.

మొదటిది నీడ: బర్న్ట్ సియెన్నా, అందులో సగం అల్ట్రామరైన్, చిటికెడు అలిజరిన్. తెలుపు చుక్క కూడా వద్దు, వేస్తే నీడ బూడిదైపోతుంది. రెండోది నీడలోనే కాస్త వెచ్చటిది, చెవి లోపల, ముక్కు కింద కనిపించేది. సియెన్నా ఎక్కువ, కాడ్మియం రెడ్ కొంచెం. మూడోది మొహం అసలు రంగు: సియెన్నా రెండు పాళ్లు, ఓకర్ ఒక పాలు, తెలుపు అర పాలు. ఇది మరీ నారింజగా ఉంటుంది, కత్తి కొనతో అల్ట్రామరైన్ కొంచెం కలిపితే దారిలోకొస్తుంది. నాలుగోది వెలుగు: మూడోదానికే ఓకర్, తెలుపు రెండూ కలపాలి. ఒక్క తెలుపే కలిపితే సుద్దలా పాలిపోతుంది, మన మొహాలు వేసేటప్పుడు అందరూ జారిపడేది ఇక్కడే. ఐదోది వెలుగు నీడలోకి తిరిగే చోట వచ్చే బూడిదచాయ. మూడోదానికి తెలుపు, అల్ట్రామరైన్ కలిపిన నీలిబూడిదని కొంచెం చేర్చండి. ఈ ఐదోది లేకపోతే మొహం ఇటుకలా ఉంటుంది.

ఇవి పాళ్లు మాత్రమే, మంత్రాలు కావు. నైఫ్ మీద కుప్ప అంచు కొంచెం తీసుకుని ఫోటో దగ్గర, ఇంకా మంచిది మనిషి చెంప దగ్గర పట్టుకుని చూడండి. ముదురా లేతా, ఎర్రనా పసుపా, ఆ ప్రశ్నలు ఈ వరసలోనే అడగండి.

కిటికీ వెలుగు చల్లగా, కొంచెం నీలంగా ఉంటుంది, కాబట్టి నీడలు పోల్చి చూస్తే వెచ్చగా కనిపిస్తాయి. పసుపు బల్బు కింద ఇది తిరగబడుతుంది. నల్లటి మేనిచాయలో ఇంకో సంగతి ఉంది: చర్మం లోపలికి వెళ్లి తిరిగొచ్చే వెలుగు తక్కువ కాబట్టి, పైపైన మెరిసే వెలుగు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ మెరుపుకి చర్మం రంగు ఉండదు, కిటికీ రంగు ఉంటుంది. తెలుపులో చిటికెడు అల్ట్రామరైన్, కనపడీ కనపడనంత సియెన్నా కలిపి నుదుటి మీద ఒక్క దెబ్బ వేసి చూడండి, నల్లటి మొహం ఎంత వెలుగుతుందో. తెల్లగా చేసేస్తే ఈ అందం మొత్తం పోతుంది. బొమ్మ చూసి "మరీ ఇంత నలుపు వేశావేంటి, కాస్త రంగు తేల్చు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వినొద్దు.

వేసేటప్పుడు నీడలు పలచగా, వెలుగులు దళసరిగా. పెద్ద బ్రష్‌తో నీడ మొత్తం ముందు, తర్వాత మధ్యరంగు, తర్వాత వెలుగు, పక్కపక్కన ముక్కల్లా పెట్టుకుంటూ పోండి. పెట్టిన ముక్కని వెంటనే రుద్దకండి. చెంపలు, ముక్కు, చెవులు కొంచెం ఎర్రగా, నుదురు కొంచెం పసుపుగా, మగవాళ్ల గడ్డం చుట్టూ కొంచెం బూడిదగా ఉంటాయి, అవి కనిపిస్తేనే వేయండి. మొహం పక్కనే వెనకాల గోడ రంగు కూడా ఇప్పుడే వేసేయండి, అది లేకుండా మొహం ముదురో లేతో తేలదు.

కళ్లు, ముక్కు, నోరు

కన్ను ఒక గుండ్రటి బంతి, దాని మీద రెప్పలు కప్పినట్టు ఉంటాయి. కనుగుడ్డు తెలుపు నిజానికి తెలుపు కాదు, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది, పెద్దవాళ్లలో పసుపుచాయ కూడా ఉంటుంది. దాన్ని బూడిదగా వేసి, దాని మీద ఒకే ఒక్క మెరుపు చుక్క, కిటికీ ఉన్న వైపు. కింది రెప్పకి దళసరి ఉంటుందని మర్చిపోకండి, ఆ సన్నటి తడి అంచు వేయకపోతే కన్ను స్టిక్కర్‌లా అతికించినట్టు ఉంటుంది. కాటుక ఉన్నా చుట్టూ ఒకే నల్లగీత గీయొద్దు.

ముక్కు రంధ్రాలు నలుపు కాదు, ముదురు ఎర్రగోధుమ. నోట్లో రెండు పెదవుల మధ్య గీత ఒక చోట ముదురు, ఒక చోట అసలు కనపడదు. మూలలు మెత్తగా వదిలేయండి. పై పెదవి సాధారణంగా నీడలో ఉంటుంది, కింది పెదవి వెలుగు పట్టుకుంటుంది. పళ్లు కనిపించే నవ్వు మొదటి బొమ్మలో పెట్టుకోవద్దు.

జుట్టు, బొట్టు, ముక్కుపుడక

జుట్టు వెంట్రుకలు కాదు, ఒక ముద్ద. నూనె రాసి దువ్విన నల్ల జుట్టు మీద మెరుపు నీలిబూడిద. తెల్లజుట్టు ముప్పాతిక వంతు బూడిదే, తెలుపు నాలుగైదు చోట్ల చాలు. జుట్టు నుదుటిని కలిసే చోట రెండు రంగులూ తడిగా ఉండగానే బ్రష్‌తో కొంచెం కలపండి, లేకపోతే విగ్గులా ఉంటుంది.

బొట్టు ఎర్రటి గుండ్రమని కంపాస్ పెట్టి గీసినట్టు వేస్తారు చాలామంది. నుదురు వంపుతో పాటు బొట్టూ తిరుగుతుంది. మొహం కొంచెం పక్కకి తిరిగి ఉంటే అది కోలగా కనిపించాలి, నీడ వైపు సగంలో అలిజరిన్, సియెన్నా, వెలుగు వైపు కాడ్మియం రెడ్. ముక్కుపుడక మూడు దెబ్బల పని. ముందు పుడక కంటే కొంచెం పెద్దగా ముదురు గోధుమ చుక్క, అది ముక్కు మీద పడే నీడ. దాని మీద ఓకర్. ఆ ఓకర్‌లో మధ్యన కాకుండా కిటికీ వైపు అంచున, చిన్న బ్రష్ కొనతో దళసరి తెలుపు ఒక్క చుక్క. ఆపేయండి. రాళ్లు లెక్కపెట్టబోతే పాడవుతుంది. జరీ అంచు కూడా అంతే, గోల్డ్ పెయింట్ జోలికి పోకుండా ఓకర్, అంబర్, అక్కడక్కడా మెరుపు.

ఇక అంచులు. మొహం చుట్టూ అంచు ఒకేలా పదునుగా ఉంటే కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. నీడ వైపు దవడనీ జుట్టునీ వెనకాల చీకట్లో కలిసిపోనివ్వండి, పొడి బ్రష్‌తో మెల్లగా ఒక్కసారి లాగితే చాలు. పదును ఒకట్రెండు చోట్లే ఉండాలి, వెలుగు వైపు కన్ను దగ్గర, ముక్కు అంచు దగ్గర.

ఆరడం, దిద్దే పూత

ఆయిల్ రంగు నీరు ఆవిరైనట్టు ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. అంబర్ ఒకట్రెండు రోజులు, తెలుపు కలిసినవి నాలుగైదు రోజులు, అలిజరిన్ వారం పైనే తీసుకోవచ్చు. కింది పూతలో నూనె తక్కువ, పై పూతల్లో ఎక్కువ ఉండాలి. కిందది మెల్లగా ఆరుతూ ఇంకా కదులుతుంటే పైన ఆరిపోయిన పొర పగులుతుంది, అందుకే ఈ నియమం. మొదటిది, అంబర్ పూత, టర్పెంటైన్‌తో, రెండోది, రంగు పూత, ట్యూబు రంగు ఉన్నదున్నట్టు, మూడోది, దిద్దే పూత, కొంచెం లిన్‌సీడ్ ఆయిల్ కలిపి.

ఆరాక కొన్ని ముదురు చోట్లు మసకబారి కనిపిస్తాయి. వేలితో తాకితే అంటనంత ఆరాక, గుడ్డతో లిన్‌సీడ్ ఆయిల్ చాలా పలచగా రాసి తుడిచేస్తే అసలు రంగు తేలుతుంది, దాని మీద దిద్దుకోవచ్చు. ఈ దిద్దే పూతలో మొహం మొత్తం మళ్లీ వేయక్కర్లేదు. దూరం నుంచి చూసి తప్పనిపించినవి మాత్రమే దిద్దండి.

గుడ్డల విషయంలో జాగ్రత్త

లిన్‌సీడ్ ఆయిల్ పట్టిన గుడ్డలు ముద్దగా మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. ఇది బెదిరింపు కాదు, ఆక్సిజన్ పట్టుకునేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో అది బయటికి పోదు. మన ఎండాకాలంలో ఇంకా ప్రమాదం. గుడ్డల్ని నీళ్లు పోసిన మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. గది తలుపులు తెరిచి పనిచేయండి, టర్పెంటైన్ గిన్నె మూతపెట్టి ఉంచండి. బ్రష్‌లు కడగడానికి ముందు కొబ్బరినూనెతో రంగు వదిలించి, తర్వాత సబ్బుతో నూనె ఆనవాలు లేకుండా కడిగేస్తే టర్పెంటైన్ వాడకమే తగ్గిపోతుంది.

గోడ మీద పెట్టాక

వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగండి. అంతదాకా బొమ్మని అలమరలోనో మంచం కిందో దాచకండి, లిన్‌సీడ్ ఆయిల్ చీకట్లో పసుపెక్కుతుంది, మామూలు వెలుగున్న గదిలో ఉంటే మంచిది. నేరుగా ఎండ తగలకూడదు. వానాకాలంలో చెమ్మ గోడకి ఆనించి పెడితే కాన్వాస్ వెనక బూజు పడుతుంది, ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న కార్క్ ముక్కలు అతికించి గాలి ఆడనివ్వండి. పాలిథిన్ కవర్లో చుట్టేయడం అసలు వద్దు.

వేసింది పోయినవాళ్ల బొమ్మ అయితే ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, దీని మీద అద్దం ఉండదని. ఫోటోకి పెట్టినట్టు నుదుటి మీద కుంకుమ పెట్టేస్తే అది రంగులోకి దిగిపోతుంది, తడి గుడ్డతో తుడిస్తే ఇంకా పాకుతుంది. అగరొత్తుల పొగ వల్ల కొన్నాళ్లకి మసి పడుతుంది, తడి పూలదండ కాన్వాస్‌కి ఆనితే మరక. బొట్టు ఫ్రేమ్ చెక్క మీద పెట్టమనండి, దండ మొహానికి తగలకుండా ఫ్రేమ్ పైమూలలకి మేకులు కొట్టించండి, అగరొత్తుల స్టాండ్ ఓ మూడడుగులు పక్కకి జరపండి.